తాత తుపాకి, ఉక్కు పెల్లెట్లు

బాతుకు పళ్లుండవు. తిన్న గింజను నలగ్గొట్టే పనంతా కందనకాయదే. అందుకు కావలసిన సరంజామాను బాతు నీటి అడుగు బురదలోంచి ఏరుకుంటుంది: ముతక ఇసుక, కందిగింజంత గులకరాళ్లు. వాటిని మింగి కందనకాయలో నిలవ చేసుకుంటుంది. బలమైన కండరాలు ఆ రాళ్ల మధ్య గింజల్ని నూరి పిండి చేస్తాయి. రాళ్లు అరిగిపోతే బాతు మళ్లీ బురదలో ముక్కు పెడుతుంది.

ఆ బురదలో గులకరాళ్లతో పాటు మూడు మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ కూడా ఉంటే బాతుకు తేడా తెలియదు. పరిమాణం అదే, గుండ్రని ఆకారమూ అదే. కందనకాయలో పడ్డ సీసం రాళ్ల రాపిడికి అరుగుతుంది, జీర్ణరసంలోని ఆమ్లానికి కరుగుతుంది, అక్కణ్ణించి నెత్తురులో కలుస్తుంది. జీర్ణనాళం కండరాలు చచ్చుబడతాయి. తిన్నది కిందికి దిగదు. రెక్కలు నిలవక పక్కలకు వాలిపోతాయి, రెట్ట ఆకుపచ్చగా పడుతుంది. కడుపులో తిండి ఉండగానే పక్షి చిక్కి శల్యమై, రెండు మూడు వారాల్లో ఏ రెల్లు పొద మాటునో చచ్చిపోతుంది. దానికి ఒక్క పెల్లెట్ కూడా చాలవచ్చు.

మరి బురదలోకి అన్ని పెల్లెట్లు ఎలా వచ్చాయి? షాట్‌గన్ తూటాలో ఒక్క గుండు ఉండదు, గుప్పెడు పెల్లెట్లు ఉంటాయి. అమెరికా లెక్కలో ఆరో నెంబరు సీసం ఔన్సుకు, అంటే 28 గ్రాములకు, సుమారు 225 తూగుతాయి. తూటా గురి తప్పకుండా బాతును పడగొట్టినా అందులో దానికి తగిలేవి ఐదారు. మిగతావన్నీ నీళ్లలోకే. ఒకే చెరువు మీద, ఒకే మాటు నుంచి, తరాల తరబడి వేట సాగితే అడుగున ఎంత సీసం పేరుకుంటుందో ఊహించుకోవచ్చు.

ఈ సంగతి నిన్నా మొన్నా బయటపడింది కాదు. అమెరికన్ ప్రకృతివేత్త జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ తన ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ పత్రికలో 1894లోనే సీసం విషం గురించి రాశాడు. 1919లో అలెగ్జాండర్ వెట్‌మోర్ ప్రభుత్వం తరఫున పరిశోధించి నివేదిక ఇచ్చాడు. 1959లో ఇల్లినాయ్‌కి చెందిన ఫ్రాంక్ బెల్‌రోజ్ కందనకాయల్ని కోసి, పెల్లెట్లు లెక్కపెట్టి, ఉత్తర అమెరికా నీటిపక్షుల్లో నూటికి రెండు మూడు ఏటా ఈ విషంతోనే చస్తున్నాయని అంచనా కట్టాడు. తర్వాత అమెరికా జాతీయ చిహ్నమైన బాల్డ్ ఈగిల్ కూడా ఈ జాబితాలోకి చేరింది. ఒంట్లో సీసం ఉన్న బాతుల్ని, గాయపడి ఎగరలేని బాతుల్ని తిన్న గద్దలు చచ్చిపోసాగాయి. వ్యవహారం కోర్టుకెక్కింది. 1987 నుంచి అంచెలంచెలుగా అమలైన నిబంధనలతో 1991 నాటికి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసాన్ని నిషేధించారు. డెన్మార్క్ 1996లో అన్ని రకాల వేటకూ సీసపు పెల్లెట్లను రద్దు చేసింది. ఇంగ్లండ్ 1999లో నీటిపక్షుల వేటకు ఆపింది. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల నిషేధం 2023 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది.

చట్టం తూటాలోని లోహాన్ని మార్చింది. తుపాకిని మార్చలేదు. షాట్‌గన్ తొందరగా అరిగిపోయే వస్తువు కాదు. 1920లలో తయారైన తుపాకి, తుడిచి నూనె రాసి దాచుకుంటే, నేటికీ నిక్షేపంగా పేలుతుంది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ తాతల నాటి తుపాకులు మనవళ్ల చేతుల్లోకి రావడం మామూలే. అవన్నీ సీసం కోసం పుట్టినవి. వాటిలో ఉక్కు పెల్లెట్లు పేల్చవచ్చా అన్నది ఈ అధ్యాయం ప్రశ్న. ‘నిక్షేపంగా’ అనేవాళ్లూ ఉన్నారు, ‘ఒక్క తూటాకే గొట్టం బద్దలవుతుంది’ అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు.

సీసం చూపిన చలవ

తుపాకులవాళ్లు సీసాన్ని ఊరికే నెత్తిన పెట్టుకోలేదు. అది తక్కువ వేడికే కరుగుతుంది, బరువెక్కువ, మెత్తన. 1782లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన విలియం వాట్స్ అనే ప్లంబరు దీనితో పెల్లెట్లు చేసే చక్కని ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. కరిగిన సీసంలో కొంచెం ఆర్సెనిక్ కలిపి, ఎత్తైన చోటి నుంచి జల్లెడగుండా కిందికి పోయడమే ఆ ఉపాయం. పడేటప్పుడు తలతన్యత ప్రతి చుక్కనూ గుండ్రంగా చేస్తుంది, కింద ఉన్న నీళ్లు దాన్ని గట్టిపరుస్తాయి. ఇందుకోసం వాట్స్ తన ఇంటి మీదే బురుజు లేపాడు. ఆ తర్వాత యూరప్, అమెరికా నగరాల్లో ఇలాంటి షాట్ టవర్లు లేచాయి.

తుపాకి కొలత కూడా సీసంతోనే ముడిపడింది. ‘పన్నెండు బోరు’ అంటే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగుతాయని అర్థం. ఆ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదహారు బోరు అంటే పౌనుకు పదహారు గుండ్లు కాబట్టి గొట్టం ఇంకా సన్నం. బోరు సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం ఎందుకు చిన్నదవుతుందో ఇప్పుడు తెలుస్తుంది.

గొట్టం కొసన ఇంకో ఏర్పాటు ఉంది. మూతి దగ్గర చివరి రెండు మూడు అంగుళాల్లో గొట్టాన్ని కొద్దిగా సన్నం చేస్తారు. దీన్ని చోక్ అంటారు. 19వ శతాబ్దం రెండో సగంలో ఇది వాడుకలోకి వచ్చింది. చోక్ ఎంత బిగువైతే పెల్లెట్ల గుంపు అంత దగ్గరదగ్గరగా సాగి, అంత దూరం పనిచేస్తుంది. పన్నెండు బోరులో ఫుల్ చోక్ అంటే సుమారు ఒక మిల్లీమీటరు బిగింపు. హాఫ్ చోక్ అంటే అర మిల్లీమీటరు. బిగింపు లేనిదాన్ని సిలిండర్ అంటారు. బాతుల కోసం చేసిన పాత అమెరికన్ తుపాకుల్లో పొడుగాటి గొట్టం, కొసన ఫుల్ చోక్ సర్వసాధారణం. ఉక్కుతో వచ్చే చిక్కు చాలావరకు ఈ మిల్లీమీటరు దగ్గరే ఉంది.

గొట్టంలో మూడు మిల్లీసెకన్లు

ట్రిగ్గర్ నొక్కాక ఏం జరుగుతుందో మెల్లగా చూద్దాం. మందు అంటుకుంటుంది. వాయువు పుట్టి, ప్లాస్టిక్ వాడ్‌ను వెనక నుంచి తోస్తుంది. వాడ్ అంటే మందుకూ పెల్లెట్లకూ మధ్య ఉండే గిన్నెలాంటి ముక్క. పెల్లెట్లు అందులో కూర్చుని ఉంటాయి. 70 సెంటీమీటర్ల గొట్టం దాటేసరికి ఈ సరుకంతా సెకనుకు 400 మీటర్ల వేగం అందుకుంటుంది. దీనికి పట్టే కాలం మూడు నాలుగు మిల్లీసెకన్లు. లెక్క వేస్తే సగటు త్వరణం గురుత్వాకర్షణకు పదకొండు వేల రెట్లు దాటుతుంది. మొదట్లో, పీడనం గరిష్ఠంగా ఉన్నప్పుడు, అది ఇంకా ఎక్కువ.

ఇంత తోపుడుకు సీసపు పెల్లెట్లు ఒకదాన్నొకటి నొక్కుకుని సొట్టలు పడతాయి. మొదటి దెబ్బలో కొంత ఆ సొట్టల్లోనే తీరిపోతుంది కాబట్టి పీడనం కాస్త నెమ్మదిగా లేస్తుంది. చోక్ దగ్గరకు వచ్చేసరికి పెల్లెట్లన్నీ ఇంకాస్త నలిగి, ఒకదాని సందులోకి ఒకటి జారి, సన్నని దారికి సరిపడా సర్దుకుంటాయి. సొట్టపడ్డవి గాల్లో అటూ ఇటూ చెదిరిపోతాయి. అందుకే సీసానికి అంత బిగువైన చోక్ అవసరమైంది.

ఉక్కు ఇలా సర్దుకోదు. పెల్లెట్లకు వాడేది నిజానికి గట్టి ఉక్కేమీ కాదు. కార్బన్ బాగా తక్కువ ఉన్న తీగను ముక్కలు చేసి, గుండ్రంగా దొర్లించి, కాల్చి మెత్తబరిచిన ఇనుము లాంటిది. ఈ కాలపు గొట్టాల ఉక్కుకంటే అది మెత్తనే. కానీ సీసంతో పోలిస్తే దాదాపు పది రెట్లు గట్టి. గొట్టంలో ఎంత తోసినా దాని గుండ్రని ఆకారం చెక్కుచెదరదు. జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే సాఫీగా దిగుతుంది, ఎండు శనగలు పోసి నొక్కితే ఒకదానికొకటి అడ్డుపడి బిగుసుకుంటాయి, నొక్కిన బలమంతా గొట్టం గోడల మీదికి తిరుగుతుంది. చోక్ దగ్గర సీసానికీ ఉక్కుకూ ఉన్న తేడా అదే. ముందుకు పోవలసిన తోపుడు పక్కలకు మళ్లుతుంది.

గొట్టం గోడ మందంగా, గట్టిగా ఉంటే ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. పాత తుపాకుల్లో మూతి దగ్గర గోడ పల్చన. బరువు తగ్గించడానికి, చేతిలో చురుగ్గా కదలడానికి పనివాళ్లు కావాలనే అలా చెక్కేవారు. అక్కడ గొట్టం ఉంగరంలా ఉబ్బుతుంది. ఒక్క తూటాకు కనబడకపోవచ్చు. వందల తూటాల మీద, చోక్ మొదలయ్యే చోట, చుట్టూతా సన్నని గట్టు లేస్తుంది.

ఇలా ఉబ్బిన గొట్టం బాంబులా పేలిపోదు. చాలాసార్లు తుపాకి మామూలుగానే పేలుతూ ఉంటుంది. కానీ డబుల్ బ్యారెల్ తుపాకికి ఇది ప్రమాదం. రెండు గొట్టాలనూ కలిపి ఉంచే సన్నటి పట్టీలను టంకం వేసి అతికిస్తారు. గొట్టం కొంచెం ఉబ్బినా టంకం విడుతుంది. పట్టీ ఊడితే సందులోకి తేమ చేరుతుంది, బయటికి కనబడని తుప్పు మొదలవుతుంది. నూరేళ్లనాటి పనితనం అలా లోలోపలే పాడవుతుంది.

రెండో హాని గీతలు. ఉక్కు పెల్లెట్ నేరుగా గొట్టానికి తగిలితే లోపల పొడుగునా గీత పడుతుంది. ఉక్కు తూటాల్లో వాడే వాడ్ మందంగా, గట్టి ప్లాస్టిక్‌తో, దాదాపు నిండు గిన్నెలా ఉండడానికి కారణం ఇదే. పెల్లెట్లు గొట్టాన్ని తాకకుండా చూడడమే దాని పని. ఇళ్లలో తూటాలు తయారు చేసుకునే అమెరికన్ వేటగాళ్లకు నిపుణులు పదే పదే చెప్పే మాట ఇక్కడ గుర్తుంచుకోవాలి: సీసం కోసం రాసిన కొలతల్లో సీసం తీసేసి ఉక్కు పోయకూడదు. మందు వేరు, వాడ్ వేరు, పీడనం తీరే వేరు.

తేలిక లోహానికి పెద్ద పెల్లెట్

గట్టిదనం ఒక్కటే అయితే సగం చిక్కు తీరేది. ఉక్కు తేలిక కూడా. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, ఉక్కుది 7.9. ఒకే పరిమాణంలో ఉక్కు పెల్లెట్ సీసపు దానిలో పదింట ఏడు పాళ్ల బరువే తూగుతుంది. తేలికైనది గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. దూరంలో ఉన్న బాతు చావకుండా గాయపడి ఎగిరిపోతుంది. సీసం విషం తప్పించబోయి గాయాలతో చంపితే ప్రయోజనం లేదు.

దీనికి వేటగాళ్లు కనిపెట్టిన సూత్రం తేలికైనది: సీసంలో వాడే నెంబరు కంటే రెండు నెంబర్లు పెద్ద ఉక్కు వాడాలి. ఇది ఎందుకు పనిచేస్తుందో లెక్క చూడండి. అమెరికా పద్ధతిలో పదిహేడులోంచి పెల్లెట్ నెంబరు తీసేస్తే వ్యాసం అంగుళంలో నూరోవంతుల్లో వస్తుంది. నాలుగో నెంబరు 0.13 అంగుళం, అంటే 3.3 మిల్లీమీటర్లు. ఆ పరిమాణంలో సీసపు పెల్లెట్ సుమారు 0.21 గ్రాము, ఉక్కుది 0.15 గ్రాము. రెండో నెంబరు 0.15 అంగుళం, 3.8 మిల్లీమీటర్లు. ఉక్కైనా ఇది 0.23 గ్రాము తూగుతుంది. రెండు నెంబర్లు పెంచేసరికి బరువు సీసాన్ని అందుకుంది.

దీని మూల్యం వేరే చోట చెల్లించాలి. పెల్లెట్ పెద్దదైతే చోక్‌లో ఇరుక్కునే అవకాశం పెరుగుతుంది. తూటాలో పట్టే పెల్లెట్ల సంఖ్య తగ్గుతుంది. సంఖ్య పెంచాలంటే తూటా పొడవు పెంచాలి. వేగం పెంచాలంటే పీడనం పెంచాలి. అమెరికాలో మూడు అంగుళాల తూటాల వాడకం పెరగడానికీ, 1988లో పన్నెండు బోరులో మూడున్నర అంగుళాల తూటా పుట్టడానికీ కారణం ఇదే. సాధారణ పన్నెండు బోరుకు అక్కడి పరిమితి చదరపు అంగుళానికి 11,500 పౌన్లు. మూడున్నర అంగుళాలకు 14,000. పాత తుపాకి కష్టమంతా ఇక్కడ పోగుపడుతుంది: గట్టి లోహం, పెద్ద పెల్లెట్, ఎక్కువ వేగం, ఎదురుగా బిగువైన చోక్. వీటిలో ఏ ఒక్కటైనా తగ్గితే ప్రమాదం కొంత తగ్గుతుంది. నాలుగూ కలిస్తే గొట్టానికి ముప్పు తప్పదు.

ఉక్కు మంచితనం కూడా చెప్పాలి. గుండ్రని ఆకారం చెడదు కాబట్టి పెల్లెట్లు చెదరవు. అదే చోక్‌లో సీసం కంటే గుంపు బిగువుగా వెళ్తుంది. హాఫ్ చోక్‌లో ఉక్కు చేసే పని సీసానికి దాదాపు ఫుల్ చోక్‌లో గాని కుదరదు. కాబట్టి పాత తుపాకిలో ఉక్కు వాడేవాడు ఫుల్ చోక్ పెట్టుకోవడం ప్రమాదమే కాదు, అనవసరం కూడా. కొందరు గన్‌స్మిత్ చేత చోక్‌ను లోపలి నుంచి తొలిపించి వదులు చేయించుకుంటారు. మామూలు తుపాకికి ఇది మంచి దారే. అరుదైన తుపాకికి ఇలా చేస్తే విలువ పడిపోతుంది.

పట్టిందల్లా సరిపోయినట్టు కాదు

ఉక్కుకు మాత్రమే సంబంధించకపోయినా, ఉక్కు తూటాలు కొనేవాళ్లు తరచు పడే గుంట ఒకటుంది. పాత బ్రిటిష్ పన్నెండు బోరు తుపాకుల్లో తూటా కూర్చునే ఛాంబర్ పొడవు రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. నేటి తూటా 70 మిల్లీమీటర్లు. 65లో 70 పట్టదనుకుంటాం. పడుతుంది. ఎందుకంటే పెట్టె మీద రాసే పొడవు పేలిన తర్వాత తూటా మూతి విచ్చుకున్నప్పటిది. పేలక ముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి తూటా 60 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. పొట్టి ఛాంబర్‌లో హాయిగా కూర్చుంటుంది. పేలినప్పుడు విచ్చుకోవడానికి జాగా చాలక, మడత విప్పుకున్న కొస ఛాంబర్ ముందు సన్నబడే దారిలోకి చొచ్చుకుపోయి పెల్లెట్లకు అడ్డుపడుతుంది. పీడనం లేస్తుంది. సీసంతోనే ఇది తప్పు. నలగని ఉక్కుతో ఇంకా పెద్ద తప్పు. తూటా దూరిందా లేదా అన్నది పరీక్షే కాదు. గొట్టం మీద చెక్కిన ఛాంబర్ కొలతను చూడాలి.

డమాస్కస్ గొట్టాలు

పాత తుపాకుల్లో కొన్నింటి గొట్టాల మీద నీటి అలల్లాంటి అందమైన నగిషీ కనబడుతుంది. ఇవి డమాస్కస్ గొట్టాలు. ఇనుప, ఉక్కు పట్టీల్ని కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో కొట్టి అతికించి చేసేవారు. బెల్జియంలోని లీజ్, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఈ పనికి పేరు పొందాయి. ఇవి ఎక్కువగా నల్ల తుపాకిమందు కాలంనాటివి.

డమాస్కస్ కత్తులతో వీటికి పోలిక నగిషీ వరకే. ఆ కత్తుల ఉక్కు మూసల్లో కరిగించి తీసినది. దానిలో కొంత మన తెలంగాణలోని కోనసముద్రం వంటి ఊళ్ల కొలిముల నుంచి వెళ్లింది. పర్షియా వర్తకులు ఆ ఉక్కు కోసం అక్కడికి వస్తుండేవారని 19వ శతాబ్ది తొలినాళ్లలో హెన్రీ వోయ్‌సీ రాశాడు. ఆ కత్తిలో నగిషీ ఒకే ముద్ద లోహంలోంచి పుట్టింది. తుపాకి గొట్టంలో ప్రతి గీతా ఒక అతుకు. ఒక్క గొట్టంలో మూర పొడవున వందల అతుకులు. వాటిలో ఎక్కడ నిప్పు సరిగా అందలేదో, ఎక్కడ నూరేళ్ల తుప్పు దాగి ఉందో బయటి నుంచి చెప్పలేం. డమాస్కస్ గొట్టంలో ఉక్కు పెల్లెట్లు పేల్చకూడదు. దీనికి మినహాయింపులు వెతకవద్దు.

గొట్టం మీది ముద్రలు

యూరప్ తుపాకులకు ఒక సౌకర్యం ఉంది. అక్కడ తుపాకి అమ్మే ముందు ప్రూఫ్ హౌస్‌లో మామూలు కంటే ఎక్కువ పీడనంతో పేల్చి పరీక్షిస్తారు. తట్టుకుంటే గొట్టం మీద ముద్ర కొడతారు. లండన్ తుపాకి పనివాళ్ల సంఘానికి 1637లోనే రాజపత్రం దక్కింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నాటిది. దేశాల మధ్య ఈ ప్రమాణాల్ని ఏకం చేయడానికి 1914లో లీజ్ కేంద్రంగా సీఐపీ అనే సంస్థ ఏర్పడింది.

సీఐపీ ఉక్కు తూటాల్ని రెండు తరగతులుగా విడదీసింది. మొదటిది స్టాండర్డ్ స్టీల్. పన్నెండు బోరులో దీని పీడనం 740 బార్ దాటకూడదు, పెల్లెట్ 3.25 మిల్లీమీటర్లు మించకూడదు. ఆధునిక మందుకు ప్రూఫ్ అయిన తుపాకి, గొట్టం మంచి స్థితిలో ఉండి, ఛాంబర్ పొడవు సరిపోయి, చోక్ హాఫ్ గాని అంతకంటే వదులు గాని అయితే, దీన్ని వాడవచ్చని బ్రిటన్‌లో సాధారణంగా చెప్పే మాట. రెండోది హై పెర్ఫార్మెన్స్ స్టీల్. దీనికి 1,050 బార్ దాకా అనుమతి. దీన్ని వాడాలంటే తుపాకి ఉక్కుకోసం ప్రత్యేకంగా ప్రూఫ్ అయి ఉండాలి. అలాంటి తుపాకి మీద ‘ఫ్లర్ ద లీ’ అనే లిల్లీ పువ్వు ముద్ర ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్లు దాటిన ఉక్కు పెల్లెట్లకు ఆ ముద్ర ఉన్న తుపాకిలోనైనా హాఫ్ చోక్‌కు మించి బిగువు పనికిరాదు.

అమెరికాలో ప్రభుత్వ ప్రూఫ్ హౌస్‌లు లేవు. తయారీదారు మాటే ప్రమాణం. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆటో-5 షాట్‌గన్ దీనికి మంచి ఉదాహరణ. 20వ శతాబ్దం మొదట్లో బెల్జియంలో తయారీ మొదలై, 1970లలో జపాన్‌కు మారింది. పాత బెల్జియం గొట్టాల్లో ఉక్కు వాడవద్దని కంపెనీ స్పష్టంగా చెబుతుంది. మార్చుకునే చోక్‌లున్న జపాన్ గొట్టాలకు ఆ అభ్యంతరం లేదు. బయటికి చూస్తే రెండూ ఒకే తుపాకి, గొట్టం మాత్రం వేరు. ‘ఆటో-5లో ఉక్కు వాడొచ్చా’ అన్న ప్రశ్నకు అందుకే ఒకే జవాబు ఉండదు. ‘ఈ గొట్టంలో వాడొచ్చా’ అని అడగాలి.

గన్‌స్మిత్ చేతుల్లో

ముద్ర తుపాకి పుట్టిన రోజు సంగతి చెబుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు సానపట్టారో, ఎన్నిసార్లు తుప్పు గీశారో చెప్పదు. అందుకే పాత తుపాకిని ముందు గన్‌స్మిత్‌కు చూపించాలి.

ఆయన చేసే మొదటి పని గొట్టాల్ని తుపాకి నుంచి విడదీసి, ఒక కొక్కానికి వేలాడదీసి, వేలి కణుపుతో తట్టడం. టంకం గట్టిగా ఉంటే గొట్టాలు ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు సాగుతుంది. పట్టీ వదులైతే బొదబొదమని చప్పుడు వచ్చి వెంటనే ఆగిపోతుంది. తర్వాత గొట్టాన్ని వెలుతురు వైపు ఎత్తి లోపలికి చూస్తాడు. నున్నగా ఉన్న గొట్టంలో వెలుగు వలయాలు వలయాలుగా చక్కగా కనబడతాయి. ఉబ్బు ఉన్నచోట ఒక వలయం వంకరపోతుంది, నల్లటి నీడ చుట్టూ తిరుగుతుంది. ఆ తర్వాత కొలతలు: లోపలి వ్యాసం, చోక్ దగ్గర వ్యాసం, ఆ రెంటి తేడాయే అసలు చోక్. గొట్టం మీద రాసింది ఏదైనా, ఈ కొలతే నమ్మదగింది. చివరగా గేజితో గోడ మందం. ఏ చోటైనా అర మిల్లీమీటరు కంటే పల్చబడితే బ్రిటిష్ గన్‌స్మిత్‌లు సాధారణంగా తల అడ్డంగా ఊపుతారు. అలాంటి గొట్టానికి సీసమే బరువు.

ఉక్కు కాని దారులు

గన్‌స్మిత్ వద్దన్నా తుపాకిని గోడకు తగిలించి వదిలేయనక్కర్లేదు. సీసం కాకుండా, సీసంలా మెత్తగా ఉండే పెల్లెట్లు ఉన్నాయి. కెనడాకు చెందిన జాన్ బ్రౌన్ అనే వడ్రంగి బిస్మత్‌ను ఈ పనికి పెట్టవచ్చని చూపించాడు. 1990లలో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. బిస్మత్ సాంద్రత 9.8, ఉక్కు కంటే చాలా నయం, సీసానికి దగ్గర. పెళుసుదనం తగ్గించడానికి దానిలో తగరం కలుపుతారు. చోక్‌లో అది గొట్టాన్ని ఉబ్బించదు. టంగ్‌స్టన్ పొడిని మెత్తని పాలిమర్‌తో కలిపి చేసే టంగ్‌స్టన్ మ్యాట్రిక్స్ పెల్లెట్లు కూడా పాత తుపాకులకు అనువైనవే. బరువులో ఇవి ఇంచుమించు సీసమే.

టంగ్‌స్టన్ అన్న మాట ఉన్నదల్లా మెత్తన అనుకోకూడదు. హెవీషాట్ వంటి టంగ్‌స్టన్ మిశ్రమ లోహాలు సీసం కంటే బరువైనా, ఉక్కు కంటే గట్టి. పాత గొట్టానికి అవి ఉక్కు కంటే చెడు. బిస్మత్, మ్యాట్రిక్స్ రెండూ ఉక్కు కంటే ఖరీదు. అయితే ఏడాదికి పది ఇరవై తూటాలు పేల్చే పాత తుపాకికి ఆ ఖరీదు పెద్ద లెక్క కాదు. చోక్ తొలిపించడం కంటే, ఉబ్బిన గొట్టం బాగుచేయించడం కంటే అది చాలా చవక. పొట్టి ఛాంబర్ తుపాకుల కోసం రెండున్నర అంగుళాల బిస్మత్ తూటాలు దొరుకుతాయి.

ఉక్కు తూటాలు వాడేవాళ్లకు ఇంకో రెండు జాగ్రత్తలు. తడిసిన తూటాలో ఉక్కు పెల్లెట్లు తుప్పుపట్టి ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు గుప్పెడు పెల్లెట్ల బదులు ఒక ముద్ద గొట్టంలోంచి పోతుంది. ఏళ్లనాటి, తడిసిన తూటాల్ని పారేయాలి. ఉక్కు నీళ్ల మీదా రాళ్ల మీదా సీసం కంటే ఎక్కువగా ఎగిరి వెనక్కి వస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

ఫలితం ఏమిటంటే

ఇన్ని తంటాలు పడి సీసాన్ని మార్చడం వల్ల ఒరిగిందేమిటని కొందరు వేటగాళ్లు ఇప్పటికీ అడుగుతారు. మిసిసిపీ దారిలో వలస వెళ్లే బాతుల కందనకాయల్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, 1997 శరదృతువులో ఒక్క ఉత్తర అమెరికాలోనే సుమారు 14 లక్షల బాతులు సీసం చావు తప్పించుకున్నాయని అంచనా వేశారు. మల్లార్డ్ బాతుల్లో సీసం మరణాలు నూటికి 64 వంతులు తగ్గాయని లెక్కగట్టారు. బాతులు పెల్లెట్లు మింగడం మానలేదు. వాటిలో చాలావరకు సీసం పెల్లెట్లు కావు, అంతే.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది కాబట్టి కొల్లేరులోనో పులికాట్‌లోనో ఈ బాధ కొత్తగా పుట్టదు. కానీ చలికాలం మన చెరువులకు వచ్చే సూదితోక బాతు బురద అడుగున తడుముతూ తినే జాతి. సీసం మింగే ప్రమాదం ఎక్కువున్న పక్షుల్లో అదీ ఒకటి. దాని దారి దేశాల సరిహద్దులు చూడదు. సైబీరియాలోనో కజకిస్తాన్‌లోనో మింగిన పెల్లెట్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదు. అక్కడి వేటగాళ్లు ఏ లోహం వాడతారన్నది మనకూ సంబంధించిన సంగతే.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడి, పొరుగువాళ్లతో కలిసి వేటకు వెళ్లడం నేర్చుకున్న తెలుగువారెవరైనా ఈ అధ్యాయం చదువుతుంటే, వాళ్లకో మాట. ఎవరైనా తాత తుపాకి చేతికిచ్చి తూటా పెట్టమంటే ముందు నాలుగు సంగతులు అడగండి: గొట్టం డమాస్కసా, ఛాంబర్ ఎంత పొడవు, చోక్ కొలిచి చూస్తే ఎంత, ఉక్కు వాడవచ్చని తయారీదారుగాని ప్రూఫ్ ముద్రగాని చెబుతున్నాయా. నాలుగింటికీ తృప్తికరమైన జవాబు దొరికితే స్టాండర్డ్ ఉక్కు తూటా నిశ్చింతగా వాడుకోండి. ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా బిస్మత్ కొనండి. తుపాకి పాతదైతే ఆ తుపాకికి తగిన లోహం వెతకాలి గాని, మళ్లీ సీసం వైపు చూడకూడదు.